స్టీరింగ్ తిన్నగా, బండి వంకరగా

పికప్ ట్రక్కు స్టీరింగ్‌లో ఒక కీలు మార్చి తాళాలు చేతికిస్తే రిపేరు పూర్తయినట్టా, సగమే అయినట్టా? టెక్సస్‌లో ఒక సర్వీసు కౌంటరు దగ్గర నేనూ, అవతలి అడ్వైజరూ దీని మీద చాలాసేపు మర్యాదగా తగువులాడుకున్నాం. ఆయన లెక్కలో పని అయిపోయింది. కంపెనీ రికాల్ చేసిన భాగం తీశారు, కొత్తది వేశారు, కాగితం మీద సంతకం పడింది. నా లెక్కలో సగమే అయింది. రోడ్డు తిన్నగా ఉన్నచోట కూడా స్టీరింగ్‌ని ఎడమకి తిప్పి పట్టుకుంటే తప్ప బండి తిన్నగా పోవడం లేదు. ఆ కంపెనీ పేరు, డీలరు పేరు ఈ కాలమ్‌కి అక్కర్లేదు. ఏ కంపెనీ బండికైనా వచ్చే తగువే ఇది. ఇకపై పేరు పెట్టి చెప్పే రికాల్స్‌లో ఏదీ నా బండిది కాదని కూడా ముందే చెప్పేస్తున్నా.

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల వాకిళ్లలో క్యామ్రీలు, ఒడిస్సీలు, ఈమధ్య టెస్లాలు. వాటి మధ్య పికప్ నిలబడితే “ఎవరండీ, ఇల్లు మారుతున్నారా?” అని అడగనివాళ్లు లేరు. అడిగినవాళ్లే నెల తిరక్కుండా సోఫా మోయడానికి ఫోన్ చేస్తారు. వినాయక చవితికి మట్టి విగ్రహం మోసింది, కార్తీక వనభోజనాలకి డేగిసాలు మోసింది, ఎవరి పెరట్లోకో కరివేపాకు మొక్కలకని ఎరువు మోసింది. ఇలా బరువు మోసే బండి కాబట్టే స్టీరింగ్ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. కారు కొంచెం పక్కకి లాగితే చిరాకు వేస్తుంది. వెనక అరటన్ను వేసుకున్న పికప్ లాగితే భయం వేస్తుంది.

అమెరికాలో రికాల్ అంటే కంపెనీ దయ కాదు. 1966లో వచ్చిన వాహన భద్రత చట్టం దానికి ఆధారం. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ అమలు చేస్తుంది. భద్రతకి ముప్పు తెచ్చే లోపం ఉందని తేలితే కంపెనీ యజమానికి పోస్టులో ఉత్తరం పంపాలి, పైసా తీసుకోకుండా సరిచేయాలి. మొదటి యజమాని బండి కొన్న నాటి నుంచి 15 ఏళ్ల దాకా ఆ ఉచితం వర్తిస్తుంది. చేతులు ఎన్ని మారినా హక్కు బండితోపాటే వస్తుంది. కొన్నిసార్లు ముందు ఒక ఉత్తరం వస్తుంది: లోపం ఉంది, విడిభాగాలు ఇంకా లేవు, వచ్చాక చెబుతాం అని. స్టీరింగ్ ఊడిపోవచ్చు అని రాసిన కాగితం వంటింటి బల్ల మీద ఉండగా అదే బండిలో పిల్లల్ని బడికి దింపిరావడం అంత హాయైన పని కాదు.

మన ఊళ్ల నుంచి వచ్చి, పాత బండి కొనుక్కుని చదువుకునే పిల్లలకి ఇక్కడొక మాట చెప్పాలి. రికాల్ పెండింగులో ఉన్న పాత బండిని డీలరు అమ్మకూడదని దేశవ్యాప్త చట్టం ఏదీ లేదు. పెద్ద అద్దెకార్ల కంపెనీలకి 2015 చట్టం ఆ అడ్డుకట్ట వేసింది, పాత కార్ల డీలర్లకి వేయలేదు. కాబట్టి బండి గుర్తింపు సంఖ్య, అంటే విన్ నంబరు, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొట్టి చూసుకోవడం మన పనే. మొత్తం 17 అంకెలు, అక్షరాలు. వాటిలో ఐ, ఓ, క్యూ ఉండవు, ఒకటితో, సున్నాతో పొరబడతారని తీసేశారు. వాట్సాప్‌లో పంపిన నంబరులో ఓ కనిపించిందంటే పంపినవాడు సున్నాని ఓ అనుకుని రాసినట్టే.

స్టీరింగ్ రికాల్స్ అన్నీ ఒక జాతివి కావు. 2018లో జనరల్ మోటార్స్ 2015 మోడల్ పికప్‌లు, ఎస్‌యూవీలు పది లక్షలకి పైగా వెనక్కి పిలిచింది. అక్కడి జబ్బు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌ది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు ఒక్క క్షణం సాయం ఆగిపోయి, మళ్లీ ఒక్కసారిగా వచ్చేది. మందు సాఫ్ట్‌వేరు. ఎవరూ స్పానర్ పట్టుకోలేదు, కాబట్టి అలైన్‌మెంట్ మాటే రాదు. 2019 మొదట్లో ఫియట్ క్రైస్లర్ 6 లక్షల 60 వేల దాకా భారీ ర్యామ్ పికప్‌లని పిలిచింది. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్ మీద బిగింపు నట్టు వదులైతే స్టీరింగ్ మొత్తం చేజారే ప్రమాదం ఉంది. దానికి కంపెనీ చెప్పిన వైద్యం, ఆ నట్టుని వెల్డ్ చేసేయమని! చదవగానే నాకు మెకానిక్ షెడ్డులో పెరిగిన బుద్ధి లేచి కూర్చుంది. భద్రత సంగతి సరే. కానీ ఆ నట్టు అక్కడ ఉన్నదే లింకు పొడవుని సర్దుకున్నాక బిగించడానికి. వెల్డ్ పడ్డాక అది ఇక తిరగదు. అంటే స్టీరింగ్ మధ్యకి వచ్చిందో లేదో ఆ నిప్పురవ్వలు ఎగరకముందే చూసుకోవాలి.

ఇంకా వెనక్కి వెళ్తే 2013లో అదే క్రైస్లర్ 12 లక్షల ర్యామ్ ట్రక్కుల దాకా టై రాడ్ కోసం పిలిచింది. ఎడమవైపు టై రాడ్ చివరి బాల్ స్టడ్ సరైన వరుసలో కూర్చోకపోతే విరిగిపోవచ్చన్నది ఫిర్యాదు. లోహంలో లోపం కాదు, అమరికలో లోపం. ఆ కంపెనీ రికాల్స్‌ని నడిపిన తీరుకి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2015 జులైలో 10 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. లోపం సరిచేయని 5 లక్షలకి పైగా వాహనాలని, వాటిలో ఎక్కువ ర్యామ్‌లే, యజమాని అమ్ముతానంటే తిరిగి కొనాలని కూడా ఒప్పించింది. ఉత్తరాలు పంపి చేతులు దులుపుకుంటే పని అయిపోయినట్టు కాదని ప్రభుత్వమే చెప్పిన సందర్భమది.

ఇప్పుడు అలైన్‌మెంట్. భారీ పికప్‌లలో చాలావాటికి ముందు చక్రాల మధ్య ఒకే గట్టి ఇరుసు ఉంటుంది, లారీకి ఉన్నట్టు. దాని స్టీరింగ్‌లో రెండు కడ్డీల పని తెలిస్తే చాలు. టై రాడ్ రెండు ముందు చక్రాలని కలుపుతుంది. దాని పొడవు మారితే టో మారుతుంది. టో అంటే కాలివేళ్లు లోపలికో బయటికో తిప్పి నడిచే మనిషిలా చక్రాలు ముందువైపు ఎంత దగ్గరకో, ఎంత దూరానికో ఉన్నాయన్న లెక్క. రెండోది డ్రాగ్ లింక్. అది స్టీరింగ్ బాక్సుని చక్రానికి కలుపుతుంది. చాలా బళ్లలో దాని పొడవు మారితే టో చెడదు, చేతిలోని స్టీరింగ్ మాత్రం వంకరగా కూర్చుంటుంది. పాతదాన్ని విప్పేముందు కొలిచి, కొత్తదాన్ని అంతే పొడవుకి తిప్పి బిగించాలి. రెండు చుట్లు అటూఇటూ అయితే చాలు, తేడా డ్రైవరుకి తెలిసిపోతుంది. నా బండికి జరిగింది ఇదే.

టోలో తేడా అయితే చేతికి తెలియదు, టైరుకి తెలుస్తుంది. ఒక లెక్క వేసి చూడండి. టైరు వ్యాసం 760 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు చక్రాల మధ్య ఉండాల్సిన టోకి 3 మిల్లీమీటర్లు తేడా వచ్చిందనుకుందాం. ఒక్కో చక్రం వాటా ఒకటిన్నర. ఆ లెక్కన కిలోమీటరు పోయేసరికి ఒక్కో టైరు దాదాపు 2 మీటర్లు రోడ్డు మీద పక్కకి ఈడ్చుకుపోతుంది. మన మెకానిక్కులు “టైరు తినేస్తోందండీ” అనేది దీన్నే. అరచేత్తో టైరు మీద ఒకవైపుకి నిమిరితే నున్నగా, రెండోవైపుకి రంపంలా తగులుతుంది. కంటికి కనిపించే ముందే చేతికి దొరికే గుర్తు అది. ఒక అంచు మాత్రమే నున్నగా అరిగితే అది క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి పక్కకి ఎంత వాలిందన్న సంగతి. క్యాస్టర్ టైరుని పెద్దగా తినదు. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది మధ్యకి తిరిగి రావడం దాని చలవే. అది తగ్గితే హైవే మీద బండి తాగినవాడిలా అటూఇటూ తచ్చాడుతుంది.

ఇదంతా నేను చదివి నేర్చుకున్నది తక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డు ఉండేది. లారీల ముందు ఇరుసు పనికి ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. కెమెరాలు, కంప్యూటర్లు లేవు. జాకీ మీద చక్రం లేపి తిప్పుతూ, టైరు మధ్య సుద్దముక్కతో సన్నని గీత గీసేవాడు. రెండు చక్రాలకీ గీసి, కిందికి దించి, కాస్త ముందుకు నెట్టించి, ఆ గీతల మధ్య దూరం ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి టేపుతో కొలిచేవాడు. అటు చివర పట్టుకోవడం నా డ్యూటీ. రెండు కొలతల తేడాయే టో. “టేపు బిగించి పట్టుకోరా, నువ్వు వదిలితే ఆ డ్రైవరు హైదరాబాదు దాకా తిట్టుకుంటూ పోవాలి” అనేవాడు.

ఆయనకి ఒళ్లు మండే పని ఒకటుంది. స్టీరింగ్ వంకరగా ఉందని డ్రైవరు గొణిగితే, కొందరు మెకానిక్కులు కింద ఏమీ ముట్టుకోకుండా, స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి, పళ్లు నాలుగు జరిపి తిన్నగా కూర్చోబెట్టేవాళ్లు. చూడ్డానికి బాగుంటుంది. డబ్బులిచ్చి వెళ్లిపోతారు. అసలు సంగతి ఏమిటంటే, పాతకాలపు స్టీరింగ్ బాక్సులో పళ్లు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే బిగువుగా పట్టుకుంటాయి, పక్కలకి పోయేకొద్దీ సందు పెరుగుతుంది. పైన స్టీరింగ్ తిన్నగా కనిపించినా లోపల బాక్సు మధ్య తప్పిపోయి ఉంటే, తిన్నని రోడ్డు మీద ఎప్పుడూ ఆ వదులు చోటే వాడుతూ ఉంటాం. చేతిలో ప్లే వస్తుంది. ఒకవైపు మలుపు నిండా తిరుగుతుంది, రెండోవైపు తిరగదు. ఇప్పటి బళ్లలో అయితే స్టీరింగ్ కింద ఎయిర్‌బ్యాగ్ వైరు చుట్ట కూడా ఉంటుంది, దాని పొడవు అటూఇటూ సమానంగా ఉండాలి. ఈ అడ్డదారి ఇవాళ్టికీ బతికే ఉంది, టెక్సస్‌లో కూడా.

కౌంటరు సంగతికి వస్తాను. అడ్వైజరు వాదన: ఉత్తరంలో అలైన్‌మెంట్ అన్న మాట లేదు, కావాలంటే చేస్తాం, డబ్బు కట్టాలి. ఉత్తరంలో లేదన్నది నిజమే. అయితే యజమానికొచ్చే ఉత్తరం వేరు, డీలరు మెకానిక్కి కంపెనీ పంపే పని సూచన వేరు. ఏ బోల్టు ఎంత బిగువుతో బిగించాలి, ఏది కొలవాలి అన్నీ ఆ రెండోదానిలో ఉంటాయి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో రికాల్ నంబరు కింద అది కూడా పెడతారు, ఎవరైనా చదవొచ్చు. మా బండి సూచనలో చివరి మెట్టు ఒకటుంది: స్టీరింగ్ మధ్యలో ఉందో లేదో, టో పరిమితిలో ఉందో లేదో చూసి సరిచేయాలి. ఫోనులో ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, లోపలికి వెళ్లి, కాసేపటికి వచ్చి “మీ బండి అలైన్‌మెంట్ ర్యాక్ ఎక్కిస్తున్నారు సార్” అన్నాడు. గొంతు పెంచాల్సిన పని పడలేదు. ఆయన కూడా ఆ పేజీ అప్పటిదాకా చూసినట్టు లేడు. పనికింత అని కంపెనీ కట్టిచ్చిన కూలిలో ఆఖరి మెట్టే ముందు ఎగిరిపోతుందని నా అనుమానం.

ర్యాక్ మీద పనిచేసిన మెకానిక్ పెద్దాయన, మాటలు తక్కువ. నన్ను గీత బయట నిలబడి చూడనిచ్చాడు. ముందు నాలుగు టైర్లలో గాలి చూశాడు. తర్వాత ముందు చక్రం లేపి రెండు చేతులతో పక్కలకి, పైకీ కిందికీ ఊపి చూశాడు. బాల్ జాయింటో, టై రాడ్ చివరో వదులుగా ఉంటే కొలతలకి అర్థం లేదు. కొలిచేటప్పుడు ఒక చోట, రోడ్డెక్కాక ఇంకో చోట ఉంటుంది చక్రం. అప్పుడు చక్రాలకి పలకలు తగిలించి, బండిని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించి, కెమెరాలకి చూపించాడు. తెర మీద మొదట వచ్చిన అంకెలు, సరిచేశాక వచ్చిన అంకెలు పక్కపక్కనే అచ్చయి వచ్చాయి. టో పరిమితి అంచున ఉంది. స్టీరింగ్ తప్పింది. వెనక ఇరుసు తిన్నగానే ఉంది. ఇది కూడా చూడాల్సిందే. పికప్‌లో వెనక కమాను పట్టీల సెంటర్ బోల్టు జరిగితే ఇరుసు మొత్తం ఏటవాలుగా కూర్చుని, బండి నడుం తిప్పుకుంటూ నడుస్తుంది. అప్పుడు ముందు చక్రాలని ఎంత సర్దినా ఫలితం ఉండదు.

ఆఖరున ఆయన కంప్యూటరు తగిలించి స్టీరింగ్ కోణం చెప్పే సెన్సరుని సున్నాకి తెచ్చాడు. 2012 మోడల్ నుంచి అమెరికాలో 10 వేల పౌండ్ల (సుమారు 4,500 కిలోల) లోపు వాహనాలకి స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. డ్రైవరు ఎటు తిప్పుతున్నాడో అది ఈ సెన్సరునే అడుగుతుంది. కడ్డీలు సర్ది దీన్ని వదిలేస్తే, తిన్నగా పోతున్న బండి మలుపు తిరుగుతోందని కంప్యూటరు అనుకోవచ్చు. మా బాబాయి కాలంలో లేని మెట్టు ఇదొక్కటే. మిగతా పని అంతా ఆ సుద్దగీతదే, కొలిచే చేయి మారింది.

అలైన్‌మెంట్ చేయించినా బండి పక్కకి లాగుతోందని మళ్లీ మళ్లీ డబ్బు పోసేవాళ్లని చూశాను. ప్రతి లాగుడూ అలైన్‌మెంట్ కాదు. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుకి వాలుగా వేస్తారు, నీళ్లు పోవాలి కదా. అమెరికాలో కుడివైపు నడుపుతాం కాబట్టి బండి కొంచెం కుడికి పోవడం సహజం, మన దేశంలో ఎడమకి. రేడియల్ టైరు తయారీలోనే కొంచెం కోసుగా వస్తే అదీ లాగుతుంది. ముందు టైర్లు రెండూ కుడిఎడమలు మార్చి చూస్తే, లాగుడు దిశ మారిందా, దోషం టైరుదే. బ్రేకు ఒకటి పట్టి వదలకపోయినా ఇదే వరస. చక్రం చేత్తో ముట్టుకుంటే రెండోదానికంటే వేడిగా ఉంటుంది.

ఇక గట్టి ఇరుసు బళ్లకి ప్రత్యేకంగా వచ్చేది, ఇక్కడివాళ్లు డెత్ వాబుల్ అనేది. వేగంగా పోతూ ఒక గతుకు తగిలితే ముందు చక్రాలు రెండూ అటూఇటూ ఊగిపోవడం మొదలై, స్టీరింగ్ చేతిలో నిలవదు. బండి దాదాపు ఆపితే తప్ప తగ్గదు. చాలామంది ముందు స్టీరింగ్ డ్యాంపర్ మారుస్తారు. కొత్త డ్యాంపరు కొన్నాళ్లు ఊపుని నొక్కిపెడుతుంది, అంతే. జబ్బు ఇరుసుని పక్కలకి జరక్కుండా పట్టే ట్రాక్ బార్ బుష్‌లోనో, బాల్ జాయింట్లలోనో ఉంటుంది. ఒకరు స్టీరింగ్ ఇటూఅటూ ఆడిస్తుంటే ఇంకొకరు కింద పడుకుని ఏ కీలు ఆలస్యంగా కదులుతోందో చూడాలి. ఇద్దరు మనుషులు, పది నిమిషాలు. ఏ యంత్రమూ అక్కర్లేదు.

మన దేశంలో రికాల్ చట్టం వయసు ఇంకా చిన్నది. 2012లో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛందంగా ఒక నియమావళి పెట్టుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 110ఏ సెక్షన్ ద్వారా రికాల్ చేయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి, ఏడేళ్ల లోపు బళ్లకి. అదే ఏడాది మహీంద్రా ఒక ద్రవపు పైపు బిగింపు మీద అనుమానంతో దాదాపు 30 వేల పికప్‌లని తనంతట తాను పిలిచి చూసుకుంది. కారు కొన్నవాడికి ఫోన్ వస్తుంది, వెళ్తాడు. పికప్ సంగతి వేరు. మదనపల్లె మార్కెట్‌కి టమాటా తోలే బండి రిజిస్ట్రేషన్ ఒకరి పేరున, ఫైనాన్సు ఇంకొకరి దగ్గర, నడిపేది మూడో మనిషి. కంపెనీ పంపిన మెసేజ్ ఎవరి ఫోనులో పడి ఉంటుందో చెప్పలేం. తెలిసినా, సీజన్‌లో ఒకరోజు బండి ఆపితే ఆ రోజు కిరాయి ఎవరిస్తారు? రిపేరు ఉచితమే, రోజు ఉచితం కాదు. రవాణా బళ్లకి ఆ ఒక్క రోజు కూలి కట్టివ్వకుండా రికాల్ పూర్తిగా సాగదని నా అభిప్రాయం.

అలైన్‌మెంట్ షాపులకి మాత్రం మన దగ్గర కొదవ లేదు, హైవే పక్కన ప్రతి టైర్ల కొట్టు ముందూ బోర్డు ఉంటుంది. వెళ్లినప్పుడు సరిచేయక ముందు అంకెలు, తర్వాత అంకెలు రెండూ ఉన్న కాగితం అడగండి. చాలాచోట్ల తర్వాతవే ఇస్తారు. బండి ఖాళీగా నిలబెట్టి కొలిచి పంపిస్తారు, అది రోజూ తిరిగేది నిండు లోడుతో. లోడు పడితే వెనక కమానులు కుంగుతాయి, ముందు భాగం లేస్తుంది, క్యాస్టర్ మారుతుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. రోజూ ఎంత వేస్తారో, వెనకకి అదనపు పట్టీలు ఏమైనా వేయించారో ర్యాక్ ఎక్కించే ముందే ఆ కుర్రాడికి చెప్పండి. పని మొదలుపెట్టే ముందు అతను చక్రం లేపి ఊపి చూడకపోతే, అది కూడా అడగండి.